చంపేందుకు చేసిన యంత్రం, బిడ్డకు కాపలా: ‘టెర్మినేటర్ 2’ చిత్ర విశేషాలు

పదేళ్ల బాలుడొకడు ఉన్నాడు. అతణ్ణి చంపడానికి భవిష్యత్తు నుంచి ఒక యంత్రం వచ్చింది. కాపాడడానికి మరొక యంత్రం వచ్చింది. కాపాడడానికి వచ్చిన యంత్రం రూపం ఆ బాలుడి తల్లికి బాగా తెలుసు. పదకొండేళ్ల క్రితం అచ్చం అదే ముఖంతో వచ్చిన యంత్రం ఆమెను చంపబోయింది. నాడు యముడై వెంటాడినవాడు నేడు కాపలాదారుగా గుమ్మంలో నిలబడితే ఆ తల్లి అతణ్ణి నమ్మేదెలా? 1991 జూలై 3న అమెరికాలో విడుదలైన ‘టెర్మినేటర్ 2: జడ్జిమెంట్ డే’ చిత్రానికి మూలకందం ఈ ప్రశ్నే.

జేమ్స్ కామెరాన్ దర్శకత్వం వహించిన ఈ చిత్రం అప్పటికి ప్రపంచంలో అత్యధిక వ్యయంతో నిర్మించిన చిత్రంగా పేరు పొందింది. కంప్యూటర్ గ్రాఫిక్స్ చరిత్రలో ఒక మైలురాయిగా నిలిచింది. అయితే మూడు దశాబ్దాలు దాటినా జనం దీన్ని గుర్తు పెట్టుకోవడానికి కారణం పేలుళ్లూ వేటలూ మాత్రమే కాదు. ఒక బాలుడికీ, ఒక యంత్రానికీ మధ్య ఏర్పడిన అనుబంధం కూడా. మానవ జీవితంలోకి కృత్రిమ మేధ వేగంగా చొచ్చుకువస్తున్న ఈ రోజుల్లో ఆ అనుబంధాన్ని మళ్లీ పరిశీలించవలసిన అవసరం ఉంది.

ఒక్క చూపులో

దర్శకుడు: జేమ్స్ కామెరాన్
రచన: జేమ్స్ కామెరాన్, విలియం విషర్
ప్రధాన తారాగణం: ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్, లిండా హామిల్టన్, ఎడ్వర్డ్ ఫర్లాంగ్, రాబర్ట్ ప్యాట్రిక్, జో మోర్టన్
ఛాయాగ్రహణం: ఆడమ్ గ్రీన్‌బర్గ్
సంగీతం: బ్రాడ్ ఫీడెల్
నిడివి: 137 నిమిషాలు
నిర్మాణ వ్యయం: సుమారు 10 కోట్ల డాలర్లు
వసూళ్లు: ప్రపంచవ్యాప్తంగా 50 కోట్ల డాలర్లకు పైగా
ఆస్కార్ పురస్కారాలు: 4

తొలి చిత్రం వేసిన పునాది

ఈ కథకు మొదలు 1984లో వచ్చిన ‘ది టెర్మినేటర్’. సుమారు 64 లక్షల డాలర్ల స్వల్ప వ్యయంతో కామెరాన్ ఆ చిత్రాన్ని తీశారు. అందులోని కల్పన ఇది. అమెరికా రక్షణ వ్యవస్థను నడిపేందుకు నిర్మించిన స్కైనెట్ అనే కంప్యూటర్ వ్యవస్థకు స్వయంగా ఎరుక కలుగుతుంది. మనుషులే తనకు శత్రువులని అది నిర్ణయించుకుని అణుయుద్ధాన్ని రగిలిస్తుంది. మిగిలినవారిని వేటాడడానికి యంత్రసేనను తయారు చేస్తుంది. ఆ యంత్రాల మీద మనుషులను కూడగట్టి గెలిచే నాయకుడి పేరు జాన్ కానర్. ఓటమి అంచుకు చేరిన స్కైనెట్, అతడు పుట్టకముందే అతని తల్లిని చంపాలని 2029 నుంచి 1984కు ఒక టెర్మినేటర్‌ను పంపుతుంది. పైకి మనిషి చర్మం, లోపల ఉక్కు అస్థిపంజరం ఉన్న హంతక యంత్రం అది.

ఆమెను కాపాడడానికి జాన్ కానర్ పంపిన కైల్ రీస్ అనే సైనికుడు ఆ పోరాటంలో మరణిస్తాడు. పుట్టబోయే జాన్‌కు తండ్రి అతడే. టెర్మినేటర్‌ను సారా కానర్ ఒక కర్మాగారంలోని హైడ్రాలిక్ ప్రెస్సులో నలిపి నాశనం చేస్తుంది. ఆ చిత్రంలో ష్వార్జ్‌నెగర్ పాత్రకు జాలి లేదు, అలసట లేదు, బేరం లేదు. ప్రేక్షకుల మనసులో ఆ ముఖం మృత్యువుకు గుర్తుగా నిలిచిపోయింది. రెండవ చిత్రం కథ మొత్తం ఆ ముద్రను తలకిందులు చేయడం మీదే ఆధారపడింది.

తొలి చిత్రం హక్కులు చేతులు మారడానికి ఏళ్లు పట్టింది. 1990లో కరోల్కో పిక్చర్స్ సంస్థ వాటిని కొనుగోలు చేసిన తరువాత కామెరాన్, విషర్ కొద్ది వారాల్లోనే కథనం పూర్తి చేశారు. అదే ఏడాది అక్టోబరులో మొదలైన చిత్రీకరణ 1991 మార్చి వరకు సాగింది.

కథ నడిచిన తీరు

రెండవ చిత్రం 1995లో మొదలవుతుంది. జాన్ వయసు పదేళ్లు. ముంచుకొస్తున్న అణుప్రళయం గురించి చెప్పినందుకు సారాను పిచ్చిదానిగా లెక్కగట్టి మానసిక చికిత్సాలయంలో బంధించారు. తల్లి చెప్పినదంతా అబద్ధమని నమ్మిన జాన్, పెంపుడు తల్లిదండ్రుల ఇంట్లో పెంకెతనంతో రోజులు గడుపుతున్నాడు. ఈసారి స్కైనెట్ అతని మీదికే టీ-1000 అనే కొత్తరకం యంత్రాన్ని పంపుతుంది. అది ద్రవలోహంతో తయారైంది. తాను తాకిన మనిషి రూపాన్ని ధరించగలదు. చేతిని కత్తిగా మార్చగలదు. తుపాకీ గుళ్లు తగిలిన చోట గాయాలు వాటంతటవే పూడుకుపోతాయి. లాస్ ఏంజెలెస్‌కు వచ్చీ రాగానే అది ఒక పోలీసును చంపి, అతని దుస్తుల రూపాన్ని కూడా ధరించి తిరుగుతుంది.

దానికి పోటీగా భవిష్యత్తులోని జాన్, పాత రకానికి చెందిన టీ-800 యంత్రాన్ని స్వాధీనం చేసుకుని, దాని ఆజ్ఞలను మార్చి, చిన్ననాటి తన రక్షణకు పంపుతాడు. ఎవరు రక్షకుడో, ఎవరు భక్షకుడో చిత్రం మొదట్లో చెప్పదు. ఒక వ్యాపార సముదాయం వెనుక ఇరుకు నడవలో ఇద్దరూ రెండు వైపుల నుంచి బాలుడి మీదికి వస్తారు. గులాబీల పెట్టెలో దాచిన తుపాకీని టీ-800 బయటకు తీస్తుంది. బాలుణ్ణి వంగమని చెప్పి, అతని తల మీదుగా ఎదుటి పోలీసును కాలుస్తుంది. విడుదలకు ముందు ప్రచార చిత్రాలు ఈ రహస్యాన్ని చాలావరకు బయటపెట్టేశాయి గానీ, దర్శకుడు అల్లిన ఉత్కంఠ మాత్రం ఇప్పటికీ ఆ దృశ్యంలో నిలిచే ఉంది.

తరువాత కథ మూడు మెట్లుగా సాగుతుంది. తల్లిని చికిత్సాలయం నుంచి తప్పించడం మొదటిది. స్కైనెట్‌కు మూలమైన మైక్రోచిప్‌ను రూపొందిస్తున్న శాస్త్రవేత్త మైల్స్ డైసన్‌ను కలిసి, సైబర్‌డైన్ సిస్టమ్స్ సంస్థలోని అతని పరిశోధన యావత్తూ ధ్వంసం చేయడం రెండవది. ఒక ఉక్కు కర్మాగారంలో టీ-1000తో చివరి పోరాటం మూడవది. డైసన్ దుర్మార్గుడు కాడు. 1984లో నలిగిపోయిన టెర్మినేటర్ శిథిలాల్లో దొరికిన చిప్పు, లోహపు చేయి ఆధారంగా పరిశోధన చేస్తున్న సజ్జనుడు. తన పని మూడు వందల కోట్ల మంది మరణానికి దారితీస్తుందని తెలిసినప్పుడు అతడు నివ్వెరపోతాడు. చివరకు తన జీవితకాలపు కృషిని తన చేతులతోనే పేల్చివేస్తూ ప్రాణాలు వదులుతాడు. కథ ప్రకారం ఆ ప్రళయం జరగవలసిన తేదీ 1997 ఆగస్టు 29. చిత్రం పేరులోని తీర్పు దినం అదే.

బాలుడి ఆజ్ఞలు

కాపలాగా వచ్చిన యంత్రం తన మాట తప్పక వింటుందని తెలిసినప్పుడు జాన్ మొదట చేసేది పిల్లచేష్టే. దాన్ని ఒంటికాలి మీద నిలబడమంటాడు. అది నిలబడుతుంది. అంతలోనే దారిన పోయే ఇద్దరితో గొడవ మొదలై, యంత్రం ఒకడి మీద తుపాకీ ఎక్కుపెడుతుంది. చివరి క్షణంలో జాన్ అడ్డుపడతాడు. ఎవరినీ చంపవద్దని ఆజ్ఞాపిస్తాడు. ఎందుకు చంపకూడదని యంత్రం అడుగుతుంది. ఆ పదేళ్ల బాలుడి దగ్గర సరైన జవాబు ఉండదు. చంపకూడదంతే, తన మాట నమ్మాలంతే అంటాడు.

ఈ చిన్న సంభాషణే చిత్రానికి వెన్నెముక. యంత్రం ఆ ఆజ్ఞను అక్షరాలా పాటిస్తుంది. చికిత్సాలయం కాపలావాడి కాళ్ల మీద కాలుస్తుంది. సైబర్‌డైన్ భవనాన్ని పోలీసులు చుట్టుముట్టినప్పుడు వందల గుళ్లు కురిపించి, వాహనాలను తుక్కు చేస్తుంది. అయినా ప్రాణనష్టం సున్నా అని దాని కంటిలోని తెర చూపిస్తుంది. చంపకూడదన్న నియమం దానికి అర్థం కాలేదు, ఆచరణలో మాత్రం పెట్టింది. మనుషుల్లో చాలామందికి ఆ నియమం అర్థమవుతుంది గానీ ఆచరణ సాధ్యం కాదు. ఈ వైరుధ్యాన్ని చిత్రం ఎక్కడా ఉపన్యాసంగా చెప్పదు, చూపించి వదిలేస్తుంది.

అది గుడ్డి విధేయత కూడా కాదు. జాన్ పెంపుడు ఇంటికి ఫోన్ చేసినప్పుడు, అవతలి నుంచి పెంపుడు తల్లి గొంతు మామూలుకన్నా ప్రేమగా పలుకుతుంది. యంత్రానికి అనుమానం వస్తుంది. ఫోన్ తీసుకుని, జాన్ గొంతుతో మాట్లాడుతూ కుక్క పేరు తప్పుగా చెబుతుంది. అవతలి గొంతు ఆ తప్పును పట్టుకోలేకపోవడంతో, అక్కడ ఉన్నది మనిషి కాదని తేలిపోతుంది. ప్రమాదాన్ని పసిగట్టే తెలివి యంత్రానిది. ఎక్కడ ఆగాలో చెప్పే మనసు బాలుడిది. ఈ రెండూ కలిస్తేనే రక్షణ.

తల్లి పక్షం

సారా కానర్ పాత్ర ఈ చిత్రానికి మరో ఆయువుపట్టు. తొలి చిత్రంలో హోటల్లో వడ్డన పని చేసే అమాయకురాలు, రెండవ చిత్రంలో కరకు యోధురాలిగా కనిపిస్తుంది. ఈ పాత్ర కోసం లిండా హామిల్టన్ చిత్రీకరణకు ముందు నుంచే కఠిన వ్యాయామంతోపాటు ఆయుధాల వాడకంలోనూ శిక్షణ పొందారు. తెర మీద స్త్రీ శారీరక దార్ఢ్యాన్ని ఈ విధంగా చూపిన హాలీవుడ్ చిత్రాలు అప్పటికి తక్కువ.

ఎడారిలో ఒక మధ్యాహ్నం, కొడుకు యంత్రంతో ఆడుకుంటూ ఉండగా సారా దూరం నుంచి చూస్తుంది. ఈ యంత్రం వాణ్ణి వదిలిపెట్టి పోదు, తాగివచ్చి కొట్టదు, తీరిక లేదని తప్పించుకోదు, వాడి కోసం అవసరమైతే ప్రాణమిస్తుంది అన్న భావం ఆమె మనసులో మెదులుతుంది. కొడుకుకు తండ్రి స్థానంలో వచ్చి పోయిన మగవాళ్లందరిలోకీ ఈ లోహపు బొమ్మే నయమన్నది ఆమె చేరుకున్న నిర్ణయం. ఆ మాటల్లో యంత్రం మీద మెచ్చుకోలు కన్నా మనుషుల మీద ఫిర్యాదే ఎక్కువ వినిపిస్తుంది.

ఆ వెంటనే కథ ఇంకో మలుపు తిరుగుతుంది. పిల్లలు ఆడుకునే మైదానాన్ని అణ్వగ్ని దహించివేసే పీడకల వచ్చి సారా ఉలిక్కిపడి లేస్తుంది. తుపాకీ తీసుకుని డైసన్‌ను చంపడానికి ఒంటరిగా బయలుదేరుతుంది. భవిష్యత్తులో హాని చేయబోయే మనిషిని ముందుగానే చంపడం 1984లో టెర్మినేటర్ చేయబోయిన పని. ఇప్పుడు అదే పనికి ఆమె పూనుకుంది. గాయపడి నేల మీద పడిన డైసన్‌కు అతని చిన్నారి కొడుకు అడ్డంగా వచ్చి నిలుస్తాడు. సారా చేయి ఆగిపోతుంది. యంత్రం మనిషిలా మారుతున్న చోట, మనిషి యంత్రంలా మారబోయి ఆగిన ఘట్టం ఇది. యంత్రాన్ని ఆపింది ఒక పిల్లవాడే, తల్లిని ఆపిందీ ఒక పిల్లవాడే.

ద్రవలోహం వెనుక శ్రమ

టీ-1000 పాత్రను తెర మీదికి తేవడం అప్పటి సాంకేతికతకు పెద్ద పరీక్ష. 1989లో కామెరాన్ తీసిన ‘ది అబిస్’ చిత్రంలో నీటితో ఏర్పడిన ఒక ఆకారం మనిషి ముఖాన్ని అనుకరిస్తుంది. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ కంప్యూటర్‌తో సృష్టించిన ఆ దృశ్యమే ద్రవలోహపు మనిషిని సృష్టించవచ్చన్న ధైర్యాన్నిచ్చింది. డెనిస్ మ్యూరెన్ నాయకత్వంలోని బృందం రాబర్ట్ ప్యాట్రిక్ శరీరం మీద గళ్లు గీసి, ఆయన నడకను చిత్రీకరించింది. దాని ఆధారంగా కంప్యూటర్‌లో నడిచే లోహపు మనిషిని తయారు చేసింది. చుట్టూ ఉన్న మంటలు, దీపాలు, గోడలు ఆ లోహపు ఒంటి మీద అద్దంలో లాగా ప్రతిఫలించాలి. నేటి సినిమాల్లో ఇది మామూలు విషయమే అయినా నాటి కంప్యూటర్లకు తలకు మించిన భారం.

137 నిమిషాల చిత్రంలో టీ-1000 కంప్యూటర్ దృశ్యాల నిడివి సుమారు అయిదు నిమిషాలే. మిగిలిన మాయ అంతా చేతి పనితనం. స్టాన్ విన్‌స్టన్ స్టూడియోలో తయారైన రబ్బరు బొమ్మలు, కీలుబొమ్మలు, లోహపు పూత వేసిన తొడుగులు ఎన్నో తెర మీద కనిపిస్తాయి. గుండు తగిలినప్పుడు టీ-1000 ఛాతీ మీద వెండిపువ్వులా విచ్చుకునే గాయాలు దుస్తుల కింద అమర్చిన స్ప్రింగు పరికరాలు. అణుప్రళయంలో కూలిపోయే నగరం చిన్న నమూనా. ఏది కంప్యూటర్ పని, ఏది చేతి పని అన్నది ప్రేక్షకుడు పోల్చుకోలేనంతగా రెండింటినీ కలిపారు. ఈ చిత్రం నేటికీ పాతబడినట్టు అనిపించకపోవడానికి అదొక ముఖ్య కారణం.

కొన్ని చోట్ల ఏ సాంకేతికతా వాడలేదు. టీ-1000 సారా రూపం ధరించిన ఘట్టంలో లిండా హామిల్టన్ కవల సోదరి నటించారు. చికిత్సాలయంలో కాపలావాడికి, అతని రూపం ధరించిన యంత్రానికి కూడా నిజమైన కవల నటులనే ఎంచుకున్నారు. వంతెన కింది నుంచి హెలికాప్టర్ దూసుకుపోయే దృశ్యంలో పైలట్ నిజంగానే హెలికాప్టర్‌ను అలా నడిపారు.

ధ్వని విషయంలో గ్యారీ రైడ్‌స్ట్రామ్ చూపిన నేర్పు కూడా చెప్పుకోదగినది. ఇనుప ఊచల మధ్య నుంచి ద్రవలోహం జారిపోయే శబ్దం కోసం ఆయన వాడినది డబ్బా నుంచి మెల్లగా జారే కుక్కల ఆహారపు చప్పుడు. బ్రాడ్ ఫీడెల్ సంగీతంలో ఇనుము మీద సమ్మెట దెబ్బల వంటి తాళం చిత్రమంతటా వినిపిస్తూ ఉంటుంది. ఈ చిత్రాన్ని కళ్లు మూసుకుని విన్నా, ఏ యంత్రం దగ్గరికి వస్తున్నదో తెలిసిపోతుంది.

రాబర్ట్ ప్యాట్రిక్ నటన ఈ సాంకేతికతకు సరిజోడు. కండలు తిరిగిన ష్వార్జ్‌నెగర్‌కు ఎదురుగా సన్నని, చురుకైన మనిషిని నిలబెట్టాలన్నది దర్శకుడి ఆలోచన. ఎంత వేగంగా పరిగెత్తినా రొప్పు కనిపించకుండా, ముక్కుతోనే ఊపిరి తీసుకోవడం ప్యాట్రిక్ సాధన చేశారు. జాన్ పాత్రధారి ఎడ్వర్డ్ ఫర్లాంగ్‌కు అంతకుముందు నటనానుభవమే లేదు. ఇదే అతని తొలి చిత్రం.

1991 నాటి ప్రపంచం

ఒక సినిమా తన కాలం నుంచి విడిగా ఉండదు. తొలి చిత్రం వచ్చినప్పుడు అమెరికా, సోవియట్ యూనియన్ అణ్వాయుధాలు ఎదురెదురుగా మోహరించి ఉన్నాయి. రెండవ చిత్రం విడుదలైన నెలలోనే, 1991 జూలై 31న, వ్యూహాత్మక అణ్వాయుధాల తగ్గింపు ఒప్పందం మీద రెండు దేశాలూ సంతకాలు చేశాయి. ఆ ఏడాది డిసెంబరులో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. స్కైనెట్ రష్యా మీద క్షిపణులు ప్రయోగిస్తుందని యంత్రం చెప్పినప్పుడు, వాళ్లు ఇప్పుడు మన మిత్రులే కదా అని జాన్ అమాయకంగా అడగడం ఆ కాలపు మార్పుకు అద్దం. శత్రువు మారినా ఆయుధం అలాగే ఉంటుందన్న హెచ్చరిక అందులో ఉంది.

చిత్రంలో దుష్టపాత్ర పోలీసు దుస్తుల్లో తిరగడం కూడా గమనించదగినది. లాస్ ఏంజెలెస్‌లో రాడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ణి పోలీసులు చితకబాదిన ఘటన 1991 మార్చి 3న జరిగింది. ఒక పౌరుడు తీసిన వీడియో ద్వారా అది ప్రపంచానికి తెలిసింది. కథ అంతకుముందే రాసినదైనా, నాలుగు నెలల తరువాత అదే నగరం నేపథ్యంగా వచ్చిన ఈ చిత్రాన్ని అమెరికా ప్రేక్షకులు ఆ జ్ఞాపకంతోనే చూశారు.

పురస్కారాలు, తరువాతి చరిత్ర

1991లో ప్రపంచవ్యాప్తంగా అత్యధిక వసూళ్లు సాధించిన చిత్రం ఇదే. 1992లో జరిగిన 64వ ఆస్కార్ వేడుకలో విజువల్ ఎఫెక్ట్స్, మేకప్, శబ్దగ్రహణం, ధ్వని ప్రభావాల కూర్పు విభాగాల్లో నాలుగు పురస్కారాలు అందుకుంది. ఛాయాగ్రహణం, కూర్పు విభాగాల్లో నామినేషన్లు పొందింది. రెండేళ్ల తరువాత ‘జురాసిక్ పార్క్’లో డైనోసార్లకు ప్రాణం పోసినవారిలో డెనిస్ మ్యూరెన్, స్టాన్ విన్‌స్టన్ ఇద్దరూ ఉన్నారు.

అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2003లో ప్రకటించిన నాయక, ప్రతినాయక పాత్రల జాబితాలో టెర్మినేటర్‌కు వింత గౌరవం దక్కింది. తొలి చిత్రానికి ప్రతినాయకుల్లో 22వ స్థానం, రెండవ చిత్రానికి నాయకుల్లో 48వ స్థానం లభించాయి. ఒకే ముఖం రెండు జాబితాల్లోనూ చోటు చేసుకుంది. అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారంలో తొలి చిత్రం 2008లో, రెండవ చిత్రం 2023లో చేరాయి.

తరువాత 2003, 2009, 2015, 2019 సంవత్సరాల్లో మరి నాలుగు చిత్రాలు వచ్చాయి. వాటిలో వేటికీ రెండవ చిత్రానికి లభించిన ఆదరణ దక్కలేదు. ప్రళయం తప్పిపోయిందన్న ఆశతో ముగిసిన కథను కొనసాగించాలంటే, ఆ ప్రళయాన్ని మళ్లీ తీసుకురావాలి. అంటే రెండవ చిత్రంలోని త్యాగం వృథా అయిందని చెప్పాలి. తరువాతి కథకులకు ఎదురైన చిక్కు అదే.

రోబో అన్న మాట నుంచి ‘రోబో’ దాకా

‘రోబో’ అన్న మాట చెక్ రచయిత కరెల్ చాపెక్ 1920లో రాసిన నాటకం ద్వారా ప్రపంచానికి పరిచయమైంది. వెట్టిచాకిరీ అన్న అర్థమిచ్చే చెక్ పదం దానికి మూలం. ఆ నాటకంలో కృత్రిమ శ్రామికులు మనుషుల మీద తిరగబడతారు. యంత్రం మనిషికి హాని చేయకూడదన్న సూత్రాన్ని మొదటి నియమంగా చేర్చి, ఐజాక్ అసిమోవ్ 1942లో తన కథలో మూడు నియమాలు ప్రతిపాదించారు. అసిమోవ్ రోబోలకు ఆ నియమం పుట్టుకతోనే వస్తుంది. టీ-800కు మాత్రం ఒక బాలుడి నోట వస్తుంది. బాలుడూ, యంత్రమూ స్నేహితులైన కథల్లో 1999 నాటి కార్టూన్ చిత్రం ‘ది ఐరన్ జెయంట్’ కూడా ముఖ్యమైనది. ఆయుధంగా పుట్టిన మహాకాయ యంత్రం అందులోనూ ఒక పిల్లవాడి స్నేహం వల్ల ఆయుధంగా ఉండకూడదని నిర్ణయించుకుంటుంది.

తెలుగు ప్రేక్షకులకు ఈ వరుసలో వెంటనే స్ఫురించేది 2010లో విడుదలైన శంకర్ చిత్రం ‘రోబో’. తమిళంలో ‘ఎంధిరన్’గా వచ్చిన ఆ చిత్రానికీ, ‘టెర్మినేటర్ 2’కీ నేరుగా ఒక బంధం ఉంది. స్టాన్ విన్‌స్టన్ 2008లో మరణించిన తరువాత ఆయన వద్ద పనిచేసిన కళాకారులు లెగసీ ఎఫెక్ట్స్ సంస్థను స్థాపించారు. రజనీకాంత్ నటించిన చిట్టి పాత్రకు కదిలే యంత్రపు బొమ్మలను రూపొందించింది ఆ సంస్థే.

రెండు కథలనూ పక్కపక్కన పెడితే ఆసక్తికరమైన తేడా కనిపిస్తుంది. చిట్టికి మానవ భావాలు నేర్పిన తరువాతే ముప్పు మొదలవుతుంది. టీ-800 మానవ భావాలకు దగ్గరైన కొద్దీ ముప్పు తగ్గుతుంది. చివరకు రెండు యంత్రాలూ తమ అంతాన్ని తామే అంగీకరిస్తాయి. న్యాయస్థానం తీర్పును శిరసావహించి చిట్టి తన అవయవాలను తానే విడదీసుకుంటాడు. టీ-800కు ఆ స్వేచ్ఛ కూడా లేదు. తనను తాను నాశనం చేసుకోవడానికి దాని నిర్మాణం అనుమతించదు.

నేటికీ మిగిలిన ప్రశ్న

మనిషి ప్రమేయం లేకుండా లక్ష్యాన్ని ఎంచుకుని దాడి చేసే ఆయుధాల గురించి 2014 నుంచి జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో చర్చలు జరుగుతున్నాయి. 2017లో సమావేశమైన ప్రభుత్వ నిపుణుల బృందానికి తొలి రెండేళ్లూ అధ్యక్షత వహించినది భారత దౌత్యవేత్త అమన్‌దీప్ సింగ్ గిల్. 2019లో సభ్యదేశాలు ఆమోదించిన 11 మార్గదర్శక సూత్రాల్లో, ఆయుధ వినియోగంపై నిర్ణయాలకు మనిషే బాధ్యత వహించాలని, ఆ జవాబుదారీని యంత్రానికి బదిలీ చేయరాదని స్పష్టంగా ఉంది. పరిభాష వేరైనా, ఒక పార్కింగ్ స్థలంలో పదేళ్ల జాన్ యంత్రం చేతిని పట్టుకుని ఆపిన ఘట్టంలోని సారం అదే.

మరో వైపు, పిల్లలతో మాట్లాడే, వారికి కథలు చెప్పే, హోంవర్కులో సాయపడే కృత్రిమ మేధ పరికరాలు ఇళ్లలోకి వస్తున్నాయి. విసుగు లేకుండా, తీరిక లేదనకుండా, ఎల్లవేళలా పిల్లవాడి మాట వినే యంత్రాన్ని చూసి సారా కానర్ ఒక మధ్యాహ్నం ఊరట పొందింది. ఆ ఊరట నేటి తల్లిదండ్రులకు కొత్తదేమీ కాదు. అయితే సారా తన కొడుకును యంత్రానికి వదిలేసి నిద్రపోలేదు. దాన్ని గమనిస్తూనే ఉంది. ఆ అప్రమత్తతను మరిచి, ఊరటను మాత్రమే తీసుకోవడంలోనే ప్రమాదం.

చివరి ఆజ్ఞ

ఉక్కు కర్మాగారంలో టీ-1000 కరిగిన లోహంలో పడి నశిస్తుంది. డైసన్ పరిశోధనలోని చిప్పును, లోహపు చేయిని జాన్ అందులోనే పారవేస్తాడు. అంతా ముగిసిందని సారా అనుకుంటుంది. ఇంకొక చిప్పు మిగిలి ఉందని యంత్రం తన తలను చూపిస్తుంది. అది మిగిలితే స్కైనెట్ మళ్లీ పుట్టవచ్చు.

జాన్ ఏడుస్తాడు. వెళ్లవద్దని ఆజ్ఞాపిస్తాడు. ఒంటికాలి మీద నిలబడమన్నా నిలబడిన యంత్రం, ఎవరినీ చంపవద్దంటే చంపకుండా పోరాడిన యంత్రం, ఈ ఒక్క ఆజ్ఞను మాత్రం పాటించదు. మనుషులు ఎందుకు ఏడుస్తారో తనకిప్పుడు తెలిసిందని, తాను మాత్రం ఎన్నటికీ ఏడవలేనని చెబుతుంది. సారా చేయి చాచి యంత్రంతో కరచాలనం చేస్తుంది. గొలుసుకు కట్టిన యంత్రాన్ని కరిగిన ఉక్కులోకి దించే మీటను నొక్కేది ఆమే. ఒకనాడు అదే ముఖాన్ని ద్వేషంతో ప్రెస్సులో నలిపిన చేతులు, ఈసారి దుఃఖంతో ఆ పని చేస్తాయి.

కాపలా కాయడమంటే మాట వినడం ఒక్కటే కాదు, ఎప్పుడు పక్కకు తప్పుకోవాలో తెలుసుకోవడం కూడా అని ఆ ముగింపు చెబుతుంది. ఆ మాట యంత్రాలకు ఎంత వర్తిస్తుందో, వాటిని తయారు చేసేవారికీ, వాటిని పిల్లల చేతికిచ్చే పెద్దలకూ అంతే వర్తిస్తుంది.